ఎరిగినవారు

మస్కట్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, మూడో నిమిషానికల్లా మాట పిల్లల చదువుల మీదికి మళ్ళుతుంది. ఎవరబ్బాయికి ఐఐటీ పరీక్షలో ఎంత ర్యాంకు వచ్చింది, ఎవరమ్మాయి నీట్‌కి ఎక్కడ కోచింగు తీసుకుంటోంది, ఏ దేశంలో ఏ యూనివర్సిటీ ఎన్నో స్థానంలో ఉంది - ఇవన్నీ మనకు కంఠోపాఠం. కాని ఇన్నేళ్ళుగా మనకు అన్నం పెడుతున్న ఈ దేశంలో విశ్వవిద్యాలయాలు ఏం సాధిస్తున్నాయని ఎవరైనా అడిగితే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకుంటాం. అల్ ఖూద్ వైపు వెళ్ళినప్పుడల్లా సుల్తాన్ కాబూస్ యూనివర్సిటీ పక్కనుంచే కారు పోనిస్తాం. లోపల ఏం జరుగుతోందో మనకు పట్టదు.

అందుకే ఈ ఉగాది సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఆ లోపలి సంగతులే రాద్దామనుకున్నాను. నేను వృత్తిరీత్యా నీటిపారుదల ఇంజనీరును. కనుక వ్యాసం ఎటు తిరిగినా చివరికి నీళ్ళ దగ్గరకే చేరుతుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా!

ముందు కొంచెం చరిత్ర. 1970లో ఒమాన్‌లో బడులు మూడంటే మూడే. వాటిలో చదివేవాళ్ళు 909 మంది, అందరూ మగపిల్లలే. 1980లో సుల్తాన్ కాబూస్ గారు విశ్వవిద్యాలయం స్థాపిస్తామని ప్రకటించారు. 1986లో వైద్యం, ఇంజనీరింగు, సైన్సు, వ్యవసాయం, విద్య - ఈ ఐదు కళాశాలలతో అది తలుపులు తెరిచింది. 2004లో నిజ్వా విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలయ్యాయి. మూడు బడులున్న దేశం పదహారేళ్ళలో విశ్వవిద్యాలయం దాకా నడిచిందన్నమాట.

మరి సాధించిందేమిటి? మా ఇంట్లో డాక్టరు గారున్నారు (మా ఆవిడే). ఆవిడ ముందు చెప్పేది రక్తం సంగతి. ఆరోగ్య మంత్రిత్వశాఖతో కలిసి సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయ వైద్యులు కూడా పాల్గొన్న ఒక సర్వే 2001లో అచ్చయింది. ఇక్కడి పిల్లల్లో నూటికి ఆరుగురిలో సికిల్ సెల్ లక్షణం, ఇద్దరిలో బీటా థలసీమియా లక్షణం ఉన్నాయని అది తేల్చింది. ఆ లక్షణం ఉన్నవాళ్ళు మామూలుగానే తిరుగుతారు. ఇలాంటి లక్షణాలున్న ఇద్దరు పెళ్ళాడితేనే పుట్టే బిడ్డకు ప్రమాదం. దగ్గరి చుట్టాల్లో పెళ్ళిళ్ళు ఎక్కువగా జరిగే చోట ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మేనరికాల సంగతి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాలా? 2026 జనవరి నుంచి ఒమానీలకు పెళ్ళికి ముందు వైద్యపరీక్ష తప్పనిసరి అయింది. అయితే పెళ్ళి మానాలని బలవంతమేమీ లేదు, తెలిసి చేసుకోవాలన్నదే ఉద్దేశం. జర్నల్లో అచ్చయిన ఒక లెక్క పెళ్ళిపందిరి దాకా రావడానికి పాతికేళ్ళు పట్టింది. ఏ ర్యాంకుల పట్టికలో చూసినా ఇది కనిపించదు.

నిజ్వాలో మరో విశేషం లుబాన్. మన సాంబ్రాణికి దగ్గర చుట్టం. ప్రొఫెసర్ అహ్మద్ అల్ హర్రాసీ బృందం ధోఫార్ కొండల్లో కాసే ఆ జిగురులో ఏ రసాయనాలున్నాయో, అవి ఏ జబ్బులకు పనికొస్తాయో ఏళ్ళ తరబడి పరిశోధిస్తోంది. తాతముత్తాతలు పొగ వేసుకున్నదాన్నే మనవలు ప్రయోగశాలలో పరీక్షిస్తున్నారు.

ఇక నా నీళ్ళ దగ్గరకు వస్తాను. నిజ్వాకు దగ్గరలో బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరుంది. మౌజ్ అంటే అరటి. నిజ్వా విశ్వవిద్యాలయం ఆ ఊళ్ళోనే ఉంది. అక్కడి అరటి, ఖర్జూర తోటలకు నీళ్ళిచ్చేది ఫలజ్ అల్ ఖత్మైన్. 2006లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించిన ఐదు అఫ్లాజ్‌లలో ఇదొకటి (ఫలజ్‌కు బహువచనం అఫ్లాజ్). దావూదీ రకం ఫలజ్ ఎలా పనిచేస్తుందంటే, కొండ దగ్గర తల్లిబావి తవ్వుతారు. దాని పేరే ఉమ్ అల్ ఫలజ్, అంటే ఫలజ్‌కు తల్లి. అక్కడి భూగర్భజలాన్ని అతి స్వల్పమైన వాలుతో సొరంగంలో నడిపించి ఊరి ముంగిట పైకి తెస్తారు. కరెంటు లేదు, మోటారు లేదు. పైకి వచ్చినచోట ముందు తాగడానికి, తరువాత మసీదుకు, స్నానాలకు, ఆ తరువాతే తోటలకు.

తవ్వడం ఒక ఎత్తు, పంచడం ఇంకో ఎత్తు. నీటి వంతుకు కొలత అథర్, సుమారు అరగంట. 24 అథర్లు ఒక బద్దా. ఫలజ్ వ్యవహారాలన్నీ చూసేవాడు వకీల్ (మన కోర్టు వకీలు కాదు లెండి). ఆయన కింద ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూసి నీళ్ళు మళ్ళించేవాడు అరీఫ్. అరబీలో 'తెలియడం' అనే ధాతువు నుంచి పుట్టిన మాట అది. అచ్చతెలుగులో ఎరిగినవాడు. పగలైతే పాతిన కర్ర నీడను బట్టి, రాత్రయితే కొండ అంచు మీద లేచే నక్షత్రాలను బట్టి అతను వంతు మార్చేవాడు. మనం కృత్తికలనే చుక్కల గుంపు వాళ్ళకు థురయ్యా, మన రోహిణి వాళ్ళకు దబరాన్. కార్తెలు చూసి విత్తనం వేసిన మన తాతలు ఆ అరీఫ్ పక్కన కూర్చుని ఉంటే, భాష రాకపోయినా వేలితో చుక్కలు చూపించుకుని మాట్లాడుకునేవారేమో.

ఈ విద్య మొన్నమొన్నటిదాకా ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. 1977లో విల్కిన్‌సన్ అనే ఆంగ్లేయుడు ఒమాన్ అఫ్లాజ్ మీద పెద్ద గ్రంథం రాశారు. తరువాతి తరంలో ఈ నేల బిడ్డలే పూనుకున్నారు. డాక్టర్ అబ్దుల్లా అల్ ఘాఫ్రీ జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయానికి వెళ్ళి, డాక్టరేటుకు ఎంచుకున్న విషయం ఒమాన్ అఫ్లాజ్‌లలో నీటి పంపకం! అంత దూరం వెళ్ళి సొంత ఊరి కాలువ మీద పరిశోధన చేసిన ఆయన, తిరిగొచ్చి నిజ్వాలో అఫ్లాజ్ పరిశోధన విభాగాన్ని నడిపించారు. అఫ్లాజ్ అధ్యయనానికి యునెస్కో పీఠం కూడా ఆ విశ్వవిద్యాలయానికే దక్కింది. హారియట్ నాష్ అనే పరిశోధకురాలు పల్లెపల్లెకూ తిరిగి, నక్షత్రాలతో వంతులు లెక్కకట్టడం ఇంకా తెలిసిన పెద్దలను అడిగి 2011లో పుస్తకం వేశారు. అప్పటికే చాలా ఊళ్ళలో చేతి గడియారం వచ్చి చుక్కల్ని పక్కకు నెట్టేసింది. 1990ల చివర జరిగిన లెక్కింపులో 4,112 అఫ్లాజ్ తేలితే, వాటిలో నీళ్ళు పారుతున్నవి 3,017. వెయ్యికి పైగా ఎండిపోయాయి. కాలువ ఎండితే దాన్ని నడిపించిన తెలివీ దానితోపాటే ఎండుతుంది.

ఇదంతా చదువుతున్నప్పుడు నా మనసు కడప జిల్లాకు పోయింది. మాది పోరుమామిళ్ళ పక్క. మా పెద్దచెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు అందులో చెప్పారు. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టు మరీ పొడవు కాకూడదు, రాయి దగ్గరలో దొరకాలి. గట్టు ఊటెక్కకూడదు, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేశారని కూడా చెక్కారు. నేను కాలేజీలో ఆనకట్టల గురించి చదివిన పాఠాల్లో సగం ఆ రాతి మీదే ఉన్నాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఆ చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించింది.

అయితే ఆ శాసనంలో లేనిది ఒకటుంది. ఏ తూము ఎప్పుడెత్తాలి, ఎండాకాలం ఏ మడికి ఎంతసేపు, నీళ్ళు తక్కువైన ఏడు ఎవరి చేను ముందు? అది తెలిసినవాడు నీరుగంటి. తెలంగాణలో నీరటి అంటారు. మా చిన్నప్పుడు మా పల్లెలో ఒక పెద్దాయన ఉండేవాడు. సంతకం రాదు. పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీద నడుస్తూ, నీటి చప్పుడును బట్టి ఎక్కడ గండి పడిందో చెప్పేవాడు. తూములోంచి ఎన్ని క్యూసెక్కులు పోతాయో నేను లెక్కకట్టగలను. ఆ నీళ్ళు చివరి మడికి చేరేసరికి ఎంత పొద్దెక్కుతుందో ఆయన చెప్పగలిగేవాడు. ఆయన పోయాక కొడుకులు బెంగుళూరు వెళ్ళిపోయారు. కాలువ కింద తగాదాలు పోలీసుస్టేషన్ దాకా వెళ్ళాయి. రాజుగారు చెప్పింది రాతి మీద మిగిలింది, నీరుగంటి చెప్పింది గాలిలో కలిసింది.

కాబట్టి నాకు తోచింది ఇది. విశ్వవిద్యాలయం సాధించిన గొప్ప పని అంటే కొత్తది కనిపెట్టడం ఒక్కటే కాదు. ఎరిగినవాడు పోకముందే అతని ముందు కాగితం, కలం పట్టుకుని కూర్చోవడం కూడా. ప్రొఫెసరు పేరు పుస్తకం అట్ట మీద ఉంటుంది. దాని వెనక అరీఫ్ ఉంటాడు, రక్తపు నమూనా తీసిన నర్సు ఉంటుంది, కొండల్లో జీపు నడిపిన డ్రైవరు ఉంటాడు. వాళ్ళందరూ కలిస్తేనే చదువు.

పదకొండో తరగతి చదివే మా అమ్మాయి ఈమధ్య మా అమ్మకు ఫోన్ చేసి, నీరుగంటి వంతులు ఎలా వేసేవాడని అడిగింది. అమ్మ గంటసేపు చెప్పింది, ఇది నోటు పుస్తకంలో రాసుకుంది. అందులో సగం మాటలు నాకే కొత్త.

మీ ఇళ్ళలోనూ అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. ఒకరికి మగ్గం తెలుసు, ఒకరికి చేపల వల తెలుసు, ఒకరికి పురుడు పోయడం తెలుసు. ఈ వేసవి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు పిల్లల చేత అడిగించండి, రాయించండి. వెళ్ళేలోగా ఒక శుక్రవారం బిర్కత్ అల్ మౌజ్ దాకా వెళ్ళి రండి, మస్కట్ నుంచి గంటన్నర ప్రయాణం. ఖత్మైన్ నీళ్ళు మూడు సమాన పాయలుగా చీలేచోట కాసేపు నిలబడండి. ఏ పాయకూ ఒక్క చుక్క ఎక్కువ పోకుండా కట్టినవాడి పేరు అక్కడ ఎవరికీ తెలియదు. లెక్క మాత్రం ఇవాళ్టికీ తప్పలేదు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.