సూరత్ సందుల్లో ఒక్క రవ్వ!

మన సినిమాల్లో వజ్రాలు ఎలా వస్తాయో మీకు నేను చెప్పాలా? విలన్ గారి డెన్. ఎర్ర లైట్లు. బల్లమీద సూట్‌కేసు. మూత టక్కున తెరుచుకోగానే లోపల నల్ల వెల్వెట్ గుడ్డ మీద రాళ్ళు ధగధగా మెరిసి, ఆ వెలుగు వెళ్ళి విలన్ గారి బట్టతల మీద పడుతుంది. వెనకాల ఓ క్లబ్బు పాట!

అదంతా మనసులో పెట్టుకుని సూరత్‌లోని మహీధర్‌పురా హీరా బజారుకి వెళ్ళారో, మీ పని అయినట్టే. ఇరుకు సందు. వరసగా నిలబెట్టిన స్కూటర్లు. వ్యాపారమంతా ఆ స్కూటర్ల సీట్ల మీదే! ఒకాయన చొక్కా జేబులోంచి ఓ మడత కాగితం తీస్తాడు. మన కిళ్ళీకొట్టులో వక్కపొడి పొట్లం ఉంటుందే, అలాంటిదన్నమాట. విప్పి సీటు మీద పెడతాడు. లోపల చిటికెడు పంచదార పోసినట్టు వజ్రాలు! పక్కన టీ తాగుతున్నాయన కప్పు కిందపెట్టి, కంటికి లెన్సు తగిలించి, చిమటాతో ఒక్కో రాయీ ఎత్తి చూసి, పెదవి విరిచి మళ్ళీ కప్పు అందుకుంటాడు. తుపాకీ పట్టుకున్న గార్డు లేడు. నల్లకళ్ళద్దాల బాసు అసలే లేడు.

ప్రపంచంలో సానపట్టే ప్రతి 10 వజ్రాల్లో దాదాపు 9 ఈ ఊళ్ళోనే మెరుగు దిద్దుకుంటాయి. 2023 డిసెంబరులో ఊరి చివర వజ్రాల వ్యాపారం కోసమే తొమ్మిది టవర్ల బ్రహ్మాండమైన భవనాన్ని ప్రారంభించారు కూడా. అయినా ఈ సందులో స్కూటర్ సీట్లు ఖాళీగా లేవు.

ఇంతకీ ఆ సందులో నాకేం పని? చెబుతాను.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే వాడ. మా అమ్మ మగ్గాలకి కండెలు చుడుతుంది. మా చెల్లెలు నర్సింగు కోర్సులో చేరిన ఏడాది అమ్మ ముక్కున ఉండాల్సిన తెల్లరాయి ముక్కుపుడక కనబడకుండా పోయింది. ఎక్కడికి పోయిందని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఫీజు రశీదు చూశాక ఇంక అడగాల్సిన పనేముంది? అప్పట్నుంచీ కుట్టు పూడిపోకుండా అమ్మ ఓ వేపపుల్ల ముక్క పెట్టుకుంటూ వచ్చింది. ఏడేళ్ళు! చెల్లెలికి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. మొన్న పండక్కి వచ్చినప్పుడు డబ్బు నా చేతిలో పెట్టి, “అన్నా, అమ్మకు వజ్రం ముక్కుపుడక చేయిద్దాం. నువ్వు సూరత్ పోయి మంచి రాయి తీస్కరా. బావ అక్కడ్నే ఉన్నడు గదా” అంది.

మన ఊళ్ళో దుకాణాలు లేవా అంటారేమో. బోలెడున్నాయి. కానీ నేను చూసిన చోటల్లా రాయిని ముందే నగలో బిగించేసి ఉంచారు. విడిగా చేతిలో పెట్టుకుని చూద్దామంటే కుదరదు. పైగా నెత్తిమీద ఇరవై బల్బులు. ఆ వెలుగులో సోడాబుడ్డి పెంకు కూడా కోహినూరే!

నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మా వైపు వాళ్ళకి అది రైలు కాదు, చుట్టం. వరంగల్, కరీంనగర్ జిల్లాల పద్మశాలీలు తరాలుగా బతుకుదెరువుకి సూరత్ మరమగ్గాలకి చేరుకుంటున్నారు. మా అక్క, బావ ఉండే లింబాయత్ వైపు వెళితే మీరు గుజరాత్‌లో ఉన్నారన్న మాటే మరిచిపోతారు. గోడల మీద తెలుగు అక్షరాలు, బతుకమ్మ పండక్కి వీధి నిండా ఆడవాళ్ళు. దిగీదిగగానే బావ వేసిన మొదటి ప్రశ్న రాయి గురించి కాదండోయ్! “ఏం బామ్మర్దీ, కొత్త సిన్మా ఎట్లున్నది?” అని.

బావకి తెలిసిన దళారీ ఒకాయన ఉన్నాడు. కాఠియావాడ్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. అందరూ కాకా అంటారు. ఒకే ఒక్క రాయి కొనడానికి అంత దూరం నుంచి వచ్చానని తెలిసి ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత సంగతి విని నవ్వు ఆపేశాడు. “రేపు పొద్దున పదకొండింటికి రా. ఎండలో వద్దు. ఎండలో అన్ని రాళ్ళూ హీరోయిన్లే” అన్నాడు.

మర్నాడు ఉత్తరం వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి మూడు రాళ్ళు ముందు పెట్టాడు. నేను చటుక్కున పెద్దదాని వైపు చెయ్యి చాపాను. 18 సెంట్లు. (నూరు సెంట్లు ఒక క్యారెట్టు, అంటే గ్రాములో అయిదో వంతు.) ఆయన ఏమీ అనకుండా 14 సెంట్ల రాయిని దాని పక్కన పెట్టాడు. చూద్దును కదా, పైనుంచి రెండూ ఒకే సైజు! మరి ఆ నాలుగు సెంట్లూ ఎక్కడ? కిందుంది. తూకంలో ఎక్కువ రావాలని పొట్ట మందంగా వదిలేస్తారట. దానికి మనం డబ్బిస్తాం, అది ముక్కు లోపల దాక్కుంటుంది. ఇచ్చిన డబ్బు దండగ కావడం ఒక్కటే కాదు, మెరుపూ పోతుంది. గుండ్రటి వజ్రానికి 57 ముఖాలు. సరైన కోణాల్లో తీరిస్తే పైనుంచి వెళ్ళిన వెలుగు వెనక ముఖాలకి కొట్టుకుని మళ్ళీ మన కంటికే తిరిగొస్తుంది. మందం ఎక్కువైతే పక్కల నుంచి జారిపోతుంది, నడుమ చీకటిగా ఉంటుంది. అందుకని వజ్రంలో మొదట చూడాల్సింది కోత. రంగు, శుభ్రత, బరువు ఆ తర్వాతే.

రంగు చూడాలంటే రాయిని బోర్లించి తెల్లకాగితం మడతలో పెట్టాలి. అప్పుడు దాని పసుపు బయటపడుతుంది. ఏ రంగూ లేనిదాన్ని ‘డి’ అంటారు. అక్కడినుంచి ‘జెడ్’ దాకా పసుపు పెరుగుతూ పోతుంది. “పచ్చబంగారంలో బిగిస్తావు కదా, ‘డి’కి డబ్బు పొయ్యకు. ‘హెచ్’ చాలు, ఆ కాస్త పసుపు బంగారంలో కలిసిపోతుంది” అన్నాడు కాకా. లోపలి మచ్చల సంగతీ అంతే. పదిరెట్లు పెద్దగా చూపే లెన్సులో ఓ అంచున చిన్న పీచు కనబడింది. లెన్సు తీస్తే మాయం. మా అమ్మ ముక్కుని లెన్సు పెట్టి చూసేవాడెవడు?

“బ్లూ జాగర్ ఉందా కాకా?” అని అడిగాను. మన పెద్దవాళ్ళు వజ్రం అంటే ఆ మాటే కదా అనేది! దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటీన్ అని ఓ గని. అక్కడి రాళ్ళు ఎండలో నీలిఛాయ కొట్టేవి. గని మూతపడి యాభై ఏళ్ళు దాటిపోయినా మన దక్షిణాది దుకాణాల్లో పేరు మాత్రం చావలేదు. ఎన్నేళ్ళైనా రిటైరు కాని హీరో లాగా! “ఇప్పుడు ఆ పేరు చెప్పి అమ్మేవాడుంటే పేరు వదిలేసి రాయి చూడు” అని కాకా సలహా.

అప్పుడు తీశాడు ఇంకో పొట్లం. అందులో రాయి అర క్యారెట్టు! తళతళలాడిపోతోంది. నా దగ్గరున్న డబ్బుకి వచ్చేస్తుందట. ల్యాబులో పెంచిన వజ్రం. గాజు కాదు, అమెరికన్ డైమండూ కాదు, నిఖార్సైన వజ్రమే. మూసిన గదిలో మీథేన్, హైడ్రోజన్ వాయువులు నింపి విపరీతమైన వేడి పుట్టిస్తే కర్బనం పొరలుపొరలుగా పేరుకుని కొన్ని వారాల్లో రాయవుతుంది. గట్టితనం అదే, మెరుపు అదే. నోటితో ఊదితే ఆవిరి క్షణంలో మాయమవుతుంది చూడండి, ఆ పాత పరీక్ష కూడా ప్యాసే! 2023 జూన్‌లో మన ప్రధాని అమెరికా వెళ్ళినప్పుడు జిల్ బైడెన్ గారికి కానుకగా ఇచ్చిన 7.5 క్యారెట్ల రాయి ఇలాంటిదే. వేరు చేసి చెప్పాలంటే ప్రత్యేకమైన యంత్రం కావాలి. “ఆలోచించుకుని రేపు చెప్పు” అన్నాడు కాకా.

సాయంత్రం తాపీ నది ఒడ్డున కూర్చుని ఆలోచించాను. ఒకప్పుడిక్కడ పెద్ద రేవు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఈ రేవులోనే దిగి, గోల్కొండ రాజ్యం దాకా వచ్చి, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేయడం చూశానని రాసుకున్నాడు. 1720ల్లో బ్రెజిల్‌లో దొరికేదాకా లోకానికి వజ్రాలంటే దాదాపు మన దేశమే. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో మాత్రం తొలకరి పడగానే జనం ఇప్పటికీ వంగి వంగి వెతుకుతూనే ఉంటారు. రాళ్ళున్న దేశం నుంచి రాళ్ళు సానపట్టే ఊరికి వచ్చి నేను వెతుకుతున్నాను!

మర్నాడు బావ వరాఛాలో ఓ సానఖానాకి తీసుకెళ్ళాడు. తిరిగే ఇనప పళ్ళేన్ని ఘంటి అంటారు. దాని చుట్టూ నలుగురు. వజ్రాన్ని కొయ్యాలంటే వజ్రమే కావాలి కదా, పళ్ళేనికి నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసి రాయిని ఆనిస్తారు, తీస్తారు, లెన్సులో చూస్తారు, మళ్ళీ ఆనిస్తారు. రోజంతా అదే. ముడిరాయి బరువులో సగానికి పైగా ఈ పళ్ళెం మీదే పోతుందంటే నమ్ముతారా? ఇక్కడ పనివాణ్ణి ‘రత్నకళాకార్’ అంటారు. ఎంత అందమైన మాట! కానీ ఆ హాల్లో సగం ఘంటిలు కదలడం లేదు. 2022 తర్వాత విదేశాల్లో గిరాకీ పడిపోయి ఎంతోమందికి పని పోయిందట. ఉన్నవాళ్ళకీ జీతం తగ్గింది. అమ్రేలీ జిల్లా నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు: “మా అమ్మాయి పెళ్ళికి ల్యాబ్ రాయే పెట్టించాను. నా చేత్తో నేనే సానపట్టాను. ఇంతకంటే అసలుది ఏముంటుంది?”

నా దగ్గర జవాబు లేదు. అర క్యారెట్టుకే ఓటు వేద్దామనుకుని అక్కడినుంచే చెల్లెలికి, అమ్మకి వీడియో ఫోన్ కలిపాను. చెల్లెలు ఎగిరి గంతేసింది. “పెద్దదే తీస్కో అన్నా! అమ్మ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి లెక్క మెరవాలె!”

అమ్మ అడిగింది ఒక్కటే. “అది అమ్ముతే పైసలొస్తయా?”

కాకాకి ఫోన్ చేశాం. దాపరికం లేకుండా చెప్పాడు. ల్యాబ్ రాళ్ళ ధర ఏటికేడు పడిపోతోంది, తిరిగి కొనేవాడు దొరకడం కష్టం. భూమిలో పుట్టిన రాయికీ పెట్టిన డబ్బు పూర్తిగా రాదు, కానీ ఎంతో కొంతకి తీసుకునేవాడుంటాడు. బంగారం మాత్రం బంగారమే.

“ఈసారి అమ్మేది లేదమ్మా! నేనున్న గదా!” అని చెల్లెలు గొంతు పెంచింది.

“నువ్వున్నవ్ బిడ్డా. రేపు నీకూ ఆడపిల్ల పుడ్తది గదా” అంది అమ్మ.

అంతే! ఆ 14 సెంట్ల రాయే తీసుకున్నాను. యంత్రంతో పరీక్ష చేయించి, భూమిలో పుట్టిందేనని రాయించుకుని, జొన్నగింజ కన్నా చిన్నదైన దాన్ని పర్సులో పెట్టుకుని నవజీవన్‌లో రాత్రంతా నిద్రపోకుండా కూర్చున్నాను.

వరంగల్‌లో మా అవుసలాయన అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు ప్రశ్నలేశాడు. పొద్దున ఏం చేస్తవ్, మొహం దేనితో తుడుస్తవ్, ఏ పక్కకు పండుకుంటవ్... నేను పుస్తకంలో గీసి తెచ్చిన ఏడు రేకుల పువ్వు బొమ్మని చూసి పక్కన పెట్టేశాడు. రాయిని నాలుగు పళ్ళతో పట్టి నిలబెడితే మెరుపు బాగానే ఉంటుంది. కానీ రోజంతా నూలు మధ్య ఉండే మనిషికి ఆ పళ్ళకి పోగు చిక్కుకుంటుంది, ముక్కు చీరుకుంటుంది. అందుకని రాయి చుట్టూ నున్నగా బంగారం అంచు మడిచి బిగించాడు. అంచు మీద కండె మీద నూలు చుట్టినట్టు సన్నటి గీతలు. దగ్గరగా చూస్తేగాని కనబడవు. ఆ పనితనం నాకు ఏడు రేకుల పువ్వు కన్నా నచ్చింది. వెనక వైపు మూసెయ్యకుండా వదిలాడు. వజ్రానికి జిడ్డు పట్టుకునే గుణం ఉంది, గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగితే మళ్ళీ తేటగా అవుతుంది. వెనక మూసేస్తే ఆ జిడ్డు లోపలే ఉండిపోతుంది. మరి కాడ ఎంత లావు ఉండాలి? అమ్మ ముక్కులోంచి వేపపుల్ల తీయించి, దాన్ని కొలిచి, అదే లావుకి తీగ లాగాడు. మర లోపలి వైపు.

పెట్టుకున్న రోజు అద్దం అడగలేదు. చెల్లెలికి ఫోన్లో రెండు వైపులా తిరిగి చూపించింది. అది ఏడ్చింది, ఇది కసిరింది. ఫోన్ పెట్టేశాక అవుసలాయన్ని బంగారం ఎంత, రాయి ఎన్ని సెంట్లు అన్నీ కాగితం మీద రాసిమ్మంది. సూరత్ పరీక్ష కాగితంతో కలిపి నాలుగు మడతలు పెట్టి, “దానికి చెప్పకు” అని నాతో అని, బియ్యం డబ్బా అడుక్కి తోసేసింది.