పుస్తకం ఎవరి దగ్గరుంది?

మా అపార్ట్‌మెంట్ లైబ్రరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. కమ్యూనిటీ హాల్లో ఓ మూల రెండు ఇనప బీరువాలు, వాటిలో నాలుగు వందల పైచిలుకు పుస్తకాలు, అంతే. మూడో అంతస్తులో ఉండే మాస్టారు దంపతులు అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ తమ పుస్తకాలన్నీ ఇచ్చేశారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తలా కాసిని తెచ్చి పెట్టారు. "నువ్వు బీయే తెలుగు కదా, నువ్వే చూసుకో" అని తాళంచెవులు నా చేతిలో పెట్టారు. డిగ్రీ అయిన ఇన్నేళ్ళకి నీకు ఉద్యోగం వచ్చింది, జీతం ఒక్కటే తక్కువ అని మావారు నవ్వారు.

ఇన్నాళ్ళూ ఓ లాంగ్ నోటుబుక్కుతో నడిపించాం. ఎవరు తీసుకెళ్తే వాళ్ళే రాయాలి. ఒకరు పుస్తకం పేరు రాస్తారు, తమ పేరు రాయరు. ఇంకొకరు "204, నవల" అని రాసి వెళ్ళిపోతారు. ఏ నవల తల్లీ? "అమ్మా, ఇంకా నోటుబుక్కేమిటి, యాప్ పెట్టుకో" అంది మా అమ్మాయి. సరే, చూద్దాం అనుకున్నాను. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు మా బెజవాడ. అలాంటి ఊళ్ళో ఉండి రెండు బీరువాలు సర్దుకోలేమా అని నాకూ కాస్త పౌరుషం వచ్చింది. మూడు వారాల పాటు మధ్యాహ్నం అన్నాలయ్యాక గంటన్నర ఈ పనికే పెట్టాను.

ముందు చూసినవి గీతలు స్కాన్ చేసే యాప్‌లు. పుస్తకం వెనక అట్ట మీద గీతల కింద 978తో మొదలయ్యే పదమూడు అంకెల నంబరు ఉంటుంది కదా, దాన్నే ఐఎస్‌బీఎన్ అంటారు. 2007కి ముందు పది అంకెలే ఉండేవి. 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే అది మన దేశపు పబ్లిషరు వేసిన పుస్తకం. ఫోన్ పెట్టగానే కీచుమని శబ్దం, అట్ట బొమ్మతో సహా వివరాలన్నీ వచ్చేస్తాయి. పిల్లల ఇంగ్లీషు పుస్తకాలు అరగంటలో అరవై ఎక్కించేశాను. ఆహా అనుకున్నాను.

ఆ ఆనందం తెలుగు అర దగ్గరికి వచ్చేసరికి ఆవిరైపోయింది. ఈ నంబర్లు ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి అయిందే 1970లో. మాస్టారు ఇచ్చిన వాటిలో సగం అంతకన్నా పాతవి. కొత్తవాటిలోనూ సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకాలు బోలెడు, వాటికి నంబరే ఉండదు. నంబరు ఉన్నవాటికి కూడా వివరాలు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి, ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగుతో. ఇంకో తమాషా ఏమిటంటే, పేరులో చివరి మాటే ఇంటిపేరు అని ఆ యాప్ నమ్మకం. మన యద్దనపూడి సులోచనారాణి గారిని తీసుకెళ్ళి "రాణి" కింద పెట్టింది. మనకి ఇంటిపేరు ముందుంటుందని దానికెవరు చెప్తారు?

తర్వాత ఫోటో తీస్తే అక్షరాలు చదివి పెట్టే యాప్ ఒకటి చూశాను. తెలుగు చదువుతుంది, అబద్ధం చెప్పకూడదు. కానీ పాత నవలల అట్టల మీద చేత్తో వంపులు తిప్పి రాసిన అక్షరాలు దానికి కొరుకుడు పడలేదు. అట్ట కాకుండా లోపలి పేజీ, పేరూ రచయితా మామూలు అచ్చులో ఉండే పేజీ, తీస్తే తేలిగ్గా చదివేసింది. లైబ్రరీవాళ్ళు కూడా పుస్తకం పేరు అట్ట మీద నుంచి కాక ఆ లోపలి పేజీ నుంచే తీసుకుంటారట. కారణం ఇప్పుడు అర్థమైంది.

చివరికి నాకు నప్పింది గూగుల్ షీట్స్. అది లైబ్రరీ యాపే కాదు, గళ్ళ కాగితం లాంటిది. వరుస నంబరు, పేరు, రచయిత, రకం, ఏ బీరువా ఏ అర అని గడులు గీసుకుని మైకు నొక్కి చెప్పుకుంటూ పోయాను. "రావిశాస్త్రి, కథలు" అంటే తెలుగులో టైపైపోతుంది. రోజుకి నలభై యాభై చొప్పున అయిపోయింది. ఇంటిపేరు ముందు రాయాలి, అంతా తెలుగు లిపిలోనే ఉండాలి అని రెండే నియమాలు పెట్టుకున్నాను. లేకపోతే వెతికినప్పుడు దొరకదు. డ్యూయీ గారి పద్ధతిలో తెలుగు సాహిత్యానికి నంబరు 894.827. ఆ లెక్కన మా బీరువాల్లో ముప్పావు వంతు ఒకే నంబరు కిందికి వస్తాయి. అందుకని నవలలు, కథలు, ఆరోగ్యం, భక్తి, వంటలు, పిల్లలవి అని మా ఇళ్ళల్లో మాట్లాడుకునే పేర్లే పెట్టాను.

ఇక ఆఖరి గడి మిగిలింది. "ఎవరి దగ్గరుంది". అది కూడా నింపేసి లింకు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేస్తే ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకోవచ్చు, పుస్తకం కావాలంటే నేరుగా వాళ్ళ తలుపే తట్టొచ్చు అని కమిటీలో అందరూ అన్నారు. వినడానికి బాగానే ఉంది.

ఆ లింకు ఇంకా పెట్టకముందు, ఓ మధ్యాహ్నం మా బ్లాకులో ఒకావిడ వచ్చింది. హాల్లో నేనొక్కదాన్నే ఉన్నాను. చాలాసేపు రెండో బీరువా దగ్గర నిలబడి ఒక పుస్తకం తీసింది. అది ఏమిటో ఇక్కడ రాయను. మా దగ్గర విడాకుల చట్టం గురించి ఉంది, తాగుడు మాన్పించడం గురించి ఉంది, పిల్లలు కలగకపోవడం, క్యాన్సర్, డిప్రెషన్, నెలసరి ఆగిపోయే వయసు, వీటన్నిటి గురించీ పుస్తకాలున్నాయి. వాటిలో ఒకటి అనుకోండి. నేను ఫోన్ తీసేసరికి ఆవిడ అడిగింది, "అక్కా, నా పేరు గ్రూపులో కనపడుతుందా?"

ఆ గ్రూపులో ఆవిడ భర్త ఉన్నాడు. ఎదురింటివాళ్ళున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారున్నారు. నేను జవాబు చెప్పేలోపే ఆవిడ పుస్తకం లోపల పెట్టేసి, "ఏం లేదక్కా, ఊరికే చూశా" అని ఓ పచ్చళ్ళ పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మూడు వారాలుగా ఏ యాప్ పుస్తకాన్ని బాగా పట్టుకుంటుందా అని చూస్తున్నాం తప్ప, చదివే మనిషిని ఎవరెవరికి పట్టిస్తుందో ఎవరం అడగలేదు. రంగనాథన్ గారు 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాలు ఐదింటిలో ఒకదాని సారం ఏమిటంటే, చదివే ప్రతి మనిషికీ తనకు కావలసిన పుస్తకం అందాలి. ఆవిడకి కావలసిన పుస్తకం చేతిదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. మన ఆడవాళ్ళకి ఇది కొత్తా? మా అమ్మ వారపత్రికల సీరియల్ దుప్పట్ల మడతలో పెట్టుకుని చదివేది. అది తప్పేమీ కాదు, కానీ ఏం చదువుతున్నావు, ఎందుకు చదువుతున్నావు అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పుకునే ఓపిక ఉండొద్దూ!

అప్పుడు మా డిగ్రీ కాలేజీ లైబ్రరీ గుర్తొచ్చింది. ప్రతి పుస్తకం లోపల అట్టకి అంటించిన చిన్న జేబు, అందులో ఆ పుస్తకం పేరుతో ఓ కార్డు ఉండేవి. మాకేమో మా పేర్లతో తలా మూడు టిక్కెట్లు. పుస్తకం తీసుకుంటే ఆ కార్డు మన టిక్కెట్టులో దూర్చి, తిరిగివ్వాల్సిన తేదీ వెనకాల ట్రేలో పెట్టేవారు. పుస్తకం ఇవ్వగానే కార్డు పుస్తకంలోకి, టిక్కెట్టు మన చేతికి. దీన్ని బ్రౌన్ పద్ధతి అంటారు. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో నీనా బ్రౌన్ అనే లైబ్రేరియన్ రూపొందించింది. అవును, ఆడమనిషే. అందులో ఉన్న అందం నాకు ఇన్నేళ్ళకి కనిపించింది. పుస్తకం బయట ఉన్నంతకాలం అది ఎవరి దగ్గరుందో తెలుస్తుంది. తిరిగొచ్చిన క్షణం ఆ రెండూ విడిపోతాయి, ఎవరు ఏం చదివారో ఎక్కడా మిగలదు.

ఈ కంటితో మళ్ళీ యాప్‌లన్నీ చూశాను. ఒకటి ఎవరెవరు ఏమేం తీసుకున్నారో పుస్తకం తిరిగిచ్చాక కూడా జాబితా దాచి పెడుతుంది, అదో గొప్ప సదుపాయంగా చెప్పుకుంటుంది. షీట్‌లో పేరు చెరిపేస్తే సరిపోతుందిగా అంది మా అమ్మాయి. సరిపోదు. అందులో మార్పుల చరిత్ర ఉంటుంది, దిద్దే అనుమతి ఉన్నవాళ్ళెవరైనా వెనక్కి వెళ్ళి నిన్న అక్కడ ఏముందో చూడొచ్చు. ఆ గడిని కనపడకుండా దాచినా, అదే అనుమతి ఉన్నవాళ్ళు రెండు నొక్కులతో బయటికి తీయొచ్చు.

అందుకని పని రెండుగా విడదీశాను. పుస్తకాల జాబితా ఫోన్లో, అందరికీ, చూడటానికి మాత్రమే. ఆఖరి గడిలో మనిషి పేరు లేదు. "ఉంది" లేదా "బయటికెళ్ళింది", అంతే. మనిషి పేరు మాత్రం అట్టముక్క మీద. ఇంట్లో పేరుకుపోయిన పెళ్ళి శుభలేఖలు కత్తిరించి కార్డులూ జేబులూ చేశాను. నాతోపాటు మరో ముగ్గురు పిన్నులు కూర్చుని నాలుగు రోజుల్లో అంటించేశారు. ట్రే బదులు పాత స్వీట్ల డబ్బా, తాళంతో బీరువాలోనే ఉంటుంది.

కమిటీలో ప్రశ్నలు రాలేదని కాదు. "పుస్తకం పోతేనో?" అన్నారు ఒకరు. తిరిగొచ్చేదాకా కార్డు మన దగ్గరే ఉంటుంది, ఎవరిని అడగాలో తెలుస్తుంది. "ఏ పుస్తకాలు ఎక్కువ చదువుతున్నారో తెలియకపోతే కొత్తవి ఎలా కొంటాం?" అన్నారు ఇంకొకరు. మంచి ప్రశ్నే. పుస్తకం బయటికెళ్ళినప్పుడల్లా దాని కార్డు వెనక ఓ గీత పెడుతున్నాం, చాకలిపద్దు లాగా. ఎన్నిసార్లు వెళ్ళిందో తెలుస్తుంది, ఎవరితో వెళ్ళిందో ఆ గీత చెప్పదు. "ఇంతలా దాచుకోవాల్సింది ఏముందండీ మన దగ్గర?" అన్నారు ప్రెసిడెంటు గారు. "లేనివాళ్ళ సంగతి సరేనండీ, ఉన్నవాళ్ళు కూడా చదువుకోవాలిగా" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

ఇబ్బంది లేకపోలేదు. ఎవరైనా పుస్తకం కావాలని అడిగితే నేనే డబ్బా తెరిచి చూసి, తీసుకున్నవాళ్ళకి విడిగా ఫోన్ చేసి కనుక్కోవాలి. గ్రూపులో పేరు ఉంటే ఆ పని తగ్గేది. నాకు రోజుకి పది నిమిషాలు ఎక్కువ పడుతోంది. పప్పు పొయ్యి మీద ఉడికేలోగా అయిపోయే పనే అది, ఫరవాలేదు.

మీ అపార్ట్‌మెంట్లోనో, గుళ్ళోనో, పిల్లల బడిలోనో ఇలాంటి లైబ్రరీ పెడుతుంటే ఏ యాప్ అయినా పెట్టుకోండి, తెలుగులో వెతికితే దొరుకుతుందో లేదో చూసుకోండి. దానికన్నా ముందు నాలుగైదు పుస్తకాలు మీ పేరు మీదే ఎక్కించి, తిరిగిచ్చినట్టు నొక్కి, ఇంకో ఫోన్లోంచి చూడండి. మీ పేరు ఎక్కడైనా మిగిలిందా, ఎవరికి కనపడుతోంది అని. శుభలేఖలు మాత్రం పారేయకండి. దళసరిగా ఉన్నవి కార్డులకి, పల్చటివి జేబులకి భలే పనికొస్తాయి.