సముద్రపు ఊళ్లో గది చూసుకునేటప్పుడు

ఆడపిల్ల చదువు పూర్తయ్యాక ఏం కోరుతుందో మనం ముందుగా ఊహించలేం. కొందరు స్కూటీ అడుగుతారు, కొందరు కొత్త ఫోను అడుగుతారు. మా అమ్మాయి డిగ్రీ అవగానే సర్ఫింగ్ నేర్చుకుంటానంది. సర్ఫింగ్ అంటే మరేం లేదండీ, అల లేచినప్పుడు పొడుగాటి బోర్డు మీద నిలబడి ఆ అలతో పాటే ఒడ్డుకు రావడం. కేరళలో వర్కల అనే ఊళ్లో నేర్పుతారట, వారం రోజులు చాలట. మా వారు "మీ అమ్మ వెంట వస్తే వెళ్లు" అనేశారు. మా అత్తయ్యగారు మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

దానికి కారణం ఉంది. మాది తెనాలి. మా వైపు కార్తీకమాసం వస్తే సముద్ర స్నానానికి సూర్యలంక వెళ్తారు. 1974లో అలా వెళ్లినప్పుడే అత్తయ్యగారి చిన్న తమ్ముడిని అల లాక్కుపోయింది. పంతొమ్మిదేళ్లు, పెళ్లి కూడా కాలేదు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ సముద్రం ముఖం చూడలేదు. మూడో రోజు ఆవిడే నన్ను పిలిచి, "నేనూ వస్తానమ్మాయ్. అది నీళ్లలో ఉన్నంతసేపూ నా కళ్ల ముందు ఉండాలి. అలాగైతేనే పంపండి" అన్నారు.

చూడండి మరి, గది వెతకడం అనేది అక్కడితో ఎంత మారిపోయిందో! డెబ్భై రెండేళ్ల మోకాళ్ల నొప్పుల మనిషి, తెల్లవారకముందే నీళ్లలోకి దిగాలనే పిల్ల, మధ్యలో నేను. మగదిక్కు లేకుండా ముగ్గురం ఆడవాళ్లం వారం రోజులు ఉండాలి.

వర్కల ఊరి తీరు కొంచెం చెబుతాను, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. తిరువనంతపురం, కొల్లం మధ్య ఉంటుంది. రైలు స్టేషను పేరు వర్కల శివగిరి. నారాయణ గురు 1928లో సమాధి చెందిన శివగిరి అక్కడే. స్టేషను నుంచి సముద్రం మూడు కిలోమీటర్ల దూరం. మన బీచిల్లాగా ఊరు, ఇసుక ఒకే మట్టాన ఉండవు. ఒడ్డు పక్కనే ఎర్రటి కొండచరియ గోడలా నిలువుగా లేచి ఉంటుంది. దాని అంచున కాలిబాట, ఆ బాట పొడుగునా హోటళ్లు, గదులు. కింద ఇసుక. పైనుంచి కిందికి నిటారు మెట్లే దారి. ఇంటర్నెట్‌లో ఫోటోలన్నీ ఆ అంచు మీద గదులవే! బాల్కనీలో కుర్చీ, ఎదురుగా సముద్రంలో మునిగే సూర్యుడు. పడమటి సముద్రం కదా, మనకు పొద్దు పొడిచేది నీళ్లలోంచి, వాళ్లకు కుంకేది నీళ్లలో.

ఫోటో చూసి వారానికి డబ్బు కట్టెయ్యమంది మా అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. స్టేషను దగ్గర లాడ్జిలో ఒక్క రాత్రికే గది తీసుకున్నాను. సామాను అక్కడ పెట్టి, అత్తయ్యగారిని పడుకోబెట్టి, తల్లీకూతుళ్లం ఆటోలో బయల్దేరి నాలుగు చోట్లు చూశాం. మీరు కూడా కొత్త ఊరు వెళ్తే ఇలాగే చెయ్యండి. ఒక్క రాత్రి అద్దె ఎక్కువైనా మిగతా ఆరు రాత్రులూ నిద్ర పడుతుంది.

మొదటిది ఆ ఫోటోలో గదే. నిజంగానే అందంగా ఉంది. కానీ ఆటో హెలిప్యాడ్ దగ్గరే ఆగిపోయింది, అక్కడినుంచి కాలిబాటే. కిందికి దిగే మెట్లు లెక్కపెడుతూ సగంలోనే ఆగిపోయాను. ఆవిడ ఒకసారి దిగితే మళ్లీ ఎక్కలేరు. పైగా పక్క హోటల్లో రాత్రి పదకొండింటి దాకా పాటలట. వానాకాలంలో ఆ చరియ అక్కడక్కడా విరిగి పడుతుంది కూడా. మేం వెళ్లింది ఫిబ్రవరిలోనే అయినా, అంచుకు అంత దగ్గరగా ఉన్న గోడ చూస్తే నాకు మనసొప్పలేదు.

రెండోది ఉత్తరాన ఒడయం వైపు. అక్కడ చరియ ఎత్తు తక్కువ, అద్దె కూడా తక్కువే. అయితే గది తలుపుకు లోపలి గడియ వదులుగా ఉంది, స్నానాలగది కిటికీకి అద్దం లేదు, సాయంత్రమైతే దారిలో దీపాలు లేవు. ఇల్లుగలాయన మంచివాడే, రేపు బాగుచేయిస్తానన్నాడు. రేపటి గడియ ఇవాళ్టి రాత్రికి పనికిరాదు కదండీ! మూడోది కుర్రకారు ఉండే చోటు. ఒకే గదిలో ఆరు మంచాలు, అందరికీ కలిపి రెండు స్నానాలగదులు. మా అమ్మాయి ఒక్కతే అయితే ఆడపిల్లలకు వేరే గది ఉన్న చోటు చూసేదాన్నేమో, అత్తయ్యగారితో కుదరదు.

నాలుగోది జనార్దనస్వామి గుడి నుంచి సముద్రానికి వెళ్లే దారిలో ఒక ఇల్లు. ఆ చుట్టుపక్కల చరియకు ఎడం వచ్చి, రోడ్డు మెల్లగా దిగి నేరుగా పాపనాశం ఇసుకలో కలుస్తుంది. మెట్లు లేవు, ఆటో చివరిదాకా వెళ్తుంది. ఇంటివాళ్లు కింద ఉంటారు, పక్క వాటా అద్దెకిస్తారు. కేరళ టూరిజం వాళ్లు ఇలాంటి ఇళ్లను పరిశీలించి డైమండ్, గోల్డ్, సిల్వర్ అని తరగతులిస్తారు. ఆ కాగితం గోడకు వేలాడుతోంది. సముద్రం కనబడదు. కొబ్బరిచెట్లు, బావి, బట్టలారేసుకునే తీగ, అంతే. మా అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. "నీకు సముద్రం గదిలోంచి కావాలా, లోపలికి దిగాలా?" అన్నాను. నవ్వేసింది. సముద్రం కనబడే గదికి అడిగిన దానిలో సగం అద్దెకే వచ్చింది.

సముద్రపు ఊళ్లో గది చూసేటప్పుడు నేను గమనించినవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను. కుళాయి తిప్పి నీళ్లు నోట్లో వేసుకుని చూడండి, ఉప్పగా ఉంటే తలస్నానానికి, వంటకు కష్టం. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. గడియలు, తాళాలు, ఫ్యాను, స్విచ్చిలు అన్నీ వేసి చూడాలి. దోమతెర ఉందో లేదో అడగండి. తడిబట్టలతో, ఇసుక కాళ్లతో వచ్చేవాళ్లకు బయట కుళాయి ఉంటే మీ గది సగం శుభ్రంగా ఉన్నట్టే. ఎలక్ట్రిక్ కుక్కరు పెట్టుకోనిస్తారో లేదో ముందే మాట్లాడుకోండి. పొద్దున పుట్టు, కడలకూర మాకు నచ్చాయి కానీ, లావు ఎర్ర బియ్యం అన్నం ఆవిడకు అరగదు. నేను తీసుకెళ్లిన సన్న బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడితో పూట గడిచిపోయింది. డిసెంబరు, జనవరి నెలల్లో అద్దెలు బాగా పెరుగుతాయి. జూన్ నుంచి వానలు, అప్పుడు సముద్రం కొత్తవాళ్లను రానివ్వదు. కర్కాటక అమావాస్యకు పితృకార్యాలకోసం ఊరు కిటకిటలాడుతుంది, గది దొరకదు.

ఇక మా సంగతి. మర్నాడు ఆరింటికల్లా ముగ్గురం ఇసుకలో ఉన్నాం. నేర్పే అబ్బాయి మా అమ్మాయి కాలికీ బోర్డుకీ కలిపి తాడు కట్టాడు. ముందు ఇసుక మీదే బోర్లా పడుకుని లేవడం ఇరవైసార్లు చేయించాడు. తర్వాత కూడా నడుము లోతు దాటనివ్వలేదు. ఒడ్డున కాపలావాళ్లు ఎర్ర జెండాలు పాతిన చోటికి ఎవరినీ పోనివ్వరు. అత్తయ్యగారు ఇంటివాళ్లిచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పిల్ల పడినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లేచినప్పుడల్లా లెక్కపెట్టుకున్నారు. రోజూ రెండు గంటలు అలాగే. నాలుగో రోజు అది నిలబడి ఒడ్డుదాకా వచ్చింది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. లేచి వెళ్లి తన పైట చెంగుతో దాని తల తుడిచారు.

పాపనాశంలో రోజూ పితృకార్యాలు చేయిస్తారు. దర్భలు, నువ్వులు, అన్నం ముద్దలు పెట్టుకుని ఆడవాళ్లు కూడా కూర్చుని చేయడం ఆవిడ రోజూ చూస్తున్నారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు తర్పణాలు వదలరు. ఆరో రోజు పొద్దున "ఇక్కడ అక్క చేయొచ్చా, అడుగమ్మాయ్" అన్నారు. ఇంటావిడను తీసుకెళ్లి పురోహితుణ్ణి అడిగించాను. పేరు, నక్షత్రం చెప్పమన్నాడు. ఏభై ఏళ్లు దాటినా ఆవిడ తడుముకోకుండా చెప్పారు. ఆకులో పిండాలు తీసుకుని, ఒకవైపు నేను, ఒకవైపు మనవరాలు పట్టుకోగా, మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచి వదిలారు. తిరిగి ఇల్లు చేరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మెట్ల మీది గది అయితే ఆవిడ అసలు అడిగేవారే కాదని నాకనిపిస్తుంది.

కాబట్టి చెల్లెమ్మలూ, గది చూసేటప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తర్వాత చూసుకోండి. మీతో వచ్చేవాళ్లలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ఎవరో, వాళ్లు అక్కడినుంచి ఎక్కడిదాకా వెళ్లగలరో ముందు చూడండి. తలుపు గడియ సరిగా పడుతుందా, రాత్రి పిలిస్తే పలికే ఆడమనిషి ఇంట్లో ఉందా అని అడగండి. అద్దె బేరం ఆ తర్వాత. గోంగూర పచ్చడి సీసా మాత్రం గట్టిగా మూతబిగించి, రెండు కవర్లు చుట్టి పెట్టుకోవడం మరిచిపోకండి.