వెంకటమ్మనహళ్లిలో ఉరుము విన్నాను

పావగడ బస్టాండులో బోర్డులు కన్నడం, మాటలు తెలుగు. తాలూకా పేరుకు తుమకూరు జిల్లాది, చుట్టూ మాత్రం దాదాపు అంతా ఆంధ్రే. అక్కణ్ణుంచి వెంకటమ్మనహళ్లి దారి పట్టాను. 2005 ఫిబ్రవరిలో ఇక్కడి పోలీసు క్యాంపు మీద నక్సలైట్లు దాడి చేసినప్పుడు ఈ ఊరి పేరు పేపర్లకెక్కింది. నేను పోయింది వాయిద్యాల కోసం.

"ఉరుము చూడల్లనా సార్? రాండి" అని ఒక పెద్దాయన లోపలికి పిలిచి, గుడ్డలో చుట్టిపెట్టిన వాయిద్యం దించాడు. నడుము సన్నం, రెండు మూతులు. ఒక మూతిని పుల్లతో కొడతారు. రెండోదాని మీద వంకర పుల్ల ఆనించి రాస్తారు. రాసినప్పుడే ఆ మూలుగు పుడుతుంది, ఎక్కడో దూరాన మబ్బు కదిలినట్టు. "కొట్టేది ఎవరైనా కొడ్తారప్పా. దాన్ని ఏడ్పిచ్చల్ల. అదీ పని" అన్నాడాయన.

అనంతపురం సీమలో ఉరుములోళ్ళు వరసగా నిలబడి, అడుగు కలిపి ఆడుతూ గంగమ్మ కథో అక్కమ్మ కథో పాడతారు. తుమకూరు, చిత్రదుర్గ వైపు కన్నడ పల్లెల్లోనూ ఇది 'ఉరుమె' పేరుతో మోగుతుంది. పెద్దాయన లెక్కలో ఉరుము కథకు తోడు మాత్రమే. కథ నడవాలి, జనం కూర్చోవాలి, ఉరుము వెనక నుంచి తోయాలి.

ఊళ్ళో కుర్రకారు మేళం వేరు. ఫైబర్ మూత వేసిన తమటె డప్పులు, నాసిక్ డోళ్ళు, ఒక ఎలక్ట్రానిక్ ప్యాడ్. ఎందుకు మార్చారంటే బెంగళూరులో కూలికి పోయి వచ్చిన కుర్రాడు టక్కున చెప్పాడు: "తోలు కాగల్లంటే మంట గావల్ల. వానొస్తే ఆ పొద్దుకు పని పోయినట్లే. ఇది తీసి కొట్టేదే అన్నా." కాదనలేం. ఇదే తాలూకాలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ప్యాడ్‌కు కరెంటు కరువు లేదు. ఉరుముకు ఆ బాధే లేదనుకోండి.

నాకు చిక్కు తోచింది ఇంకోచోట. కుర్రాళ్ళు అరగంట వాయించారు. దరువు గట్టిది, చేతులు చురుకైనవి, ఒక్క మాట లేదు. అన్నీ సినిమా పాటల వరసలే. తోలు పోయినందుకు నాకు దిగులు లేదు, కథ పోయినందుకే ఉంది.

హైదరాబాదు చౌరస్తా బ్యాండు చేసింది దీనికి ఎదురు పని. గిటార్లు, రెగే నడక బయటివి, మాట పల్లెది. 'ఊరెళ్ళిపోతా మామ' పేరు చెప్పగానే ఇక్కడి కుర్రాళ్ళు వరస అందుకున్నారు. ఊరు వదిలి బతకబోయే తాలూకా కదా, పట్టకుండా ఎట్లా ఉంటుంది? ఆ పాట పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాకు పోయి 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాట, 2022లో డీజే టిల్లు పాట పాడాడు. గొంతు అదే, ఊపు పెరిగింది, ఊరు తగ్గింది. నాకు పాత పాటే ఎక్కువ.

వాయిద్యం మారడం తప్పు కాదు. ప్యాడ్ మీదైనా అక్కమ్మ కథ నడుస్తుంది. పావగడ చుట్టుపక్కల జాతరకు మేళం మాట్లాడుకునే పెద్దలకు ఒక మనవి: సినిమా పాటలకు ముందు గంటసేపు కథ చెప్పమని అడగండి, ఆ గంటకు డబ్బు వేరే ఇవ్వండి. అడిగితే పాడేవాళ్ళు ఇంకా ఉన్నారు.