నేను లేని రోజున బడి

నిరంకుశ, ప్రజాస్వామిక, జోక్యరహిత నాయకత్వాల మధ్య తేడాలు బీఈడీ పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ప్రమోషన్ మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు హెచ్చెమ్‌గా వెళ్లాక మాత్రం ఏ వరసలో తప్పులు చేయాలో ఆ వరసలోనే చేశాను.

మొదట పట్టుకున్నది ఎర్ర సిరా. ప్రార్థన అయిపోగానే హాజరు పట్టీ నా టేబుల్ మీదికి రావాలి. ఆలస్యమైతే ఎర్ర గీత, పాఠ్య పథకం లేకపోతే మెమో. టైమ్‌టేబుల్ నుంచి వార్షికోత్సవంలో వేసే పాట దాకా నేనే నిర్ణయించేవాణ్ణి. సిలబస్ వేళకు పూర్తయ్యేది, తనిఖీకి వచ్చినవారు మెచ్చుకునేవారు. నేను మండల సమావేశానికి వెళ్లిన రోజు మాత్రం టీచరు రాని తరగతి అలాగే గోల చేస్తూ ఉండేది. లీజరున్నవాళ్లను అడిగితే, "మీరు రాసివ్వలేదు కదా సార్" అనేవారు. నిజమే, సొంతంగా తేల్చుకునే పని వాళ్లకు ఎప్పుడిచ్చాను?

కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ 1939లో ప్రచురించిన ప్రయోగంలో ఉన్నది ఇదే. అమెరికాలోని అయోవాలో పదేళ్ల అబ్బాయిల బృందాల చేత మాస్కులు చేయడం లాంటి పనులు చేయించారు. నిరంకుశంగా నడిపిన పెద్దమనిషి గదిలో ఉన్నంతసేపూ పని జోరుగా సాగింది, ఆయన బయటికెళ్లగానే చతికిలబడింది. ప్రజాస్వామిక బృందంలోని పిల్లలు పెద్దమనిషి లేకపోయినా పని వదల్లేదు. పరీక్షలో రాసిన ఈ సంగతి నా బడిలో జరుగుతుంటే పోల్చుకోలేకపోయాను.

పోల్చుకున్నాక రెండో తప్పు చేశాను. పగ్గాలు పూర్తిగా వదిలేసి, దానికి ప్రజాస్వామ్యమని పేరు పెట్టుకున్నాను. టైమ్‌టేబుల్ స్టాఫే వేసుకున్నారు. అనువైన పీరియడ్లు సీనియర్లకు, కిక్కిరిసిన సెక్షన్లు కొత్తవాళ్లకు వెళ్లాయి. డీఎస్సీలో ఎంపికై వచ్చిన ఒక టీచరమ్మ, ఎనిమిదో తరగతి అదుపులో ఉండటం లేదని నా దగ్గరికి వస్తే, "మీకు పూర్తి స్వేచ్ఛ ఉందమ్మా, మీ ఇష్టం" అన్నాను. ఆమె అడిగింది దారి చూపమని. హెర్సీ, బ్లాంచర్డ్ 1969లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, నడిపించే తీరు ఎదుటివారి నేర్పును, సంసిద్ధతను బట్టి మారాలి. దానికి పరిశోధనల మద్దతు అంతంతమాత్రమే అయినా, నాకు ఆ రోజు కావలసిన సలహా అదే. నేను ఆమె తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని చూసి, తర్వాత మాట్లాడాల్సింది.

రెండు తప్పుల్లోనూ ఎదుటివాళ్లకు తెలిసింది అడగకపోవడమే ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. కానీ నేను తీర్మానాల పుస్తకం ఇళ్లకు పంపి సంతకాలు తెప్పించుకునేవాణ్ణి. ఒకసారి నిజంగానే సమావేశం పెడితే, పదో తరగతి సాయంత్రం స్టడీ అవర్స్ వల్ల శివారు పల్లెల ఆడపిల్లలకు బస్సు తప్పిపోతోందని తల్లులు చెప్పారు. అంతకుముందు ఆ పిల్లల గైర్హాజరీని బద్ధకమని మందలించాను. స్టాఫుతో మాట్లాడి స్టడీ అవర్స్ ఉదయానికి మార్చాం. ఎవరు ఏ రోజు ముందు రావాలో టీచర్లే పంచుకున్నారు. నేను సెలవు పెట్టిన రోజు కూడా క్లాసు నడిచింది.

అన్నీ చర్చకు పెట్టాలని మాత్రం చెప్పను. పిల్లల్ని కొట్టడాన్ని చట్టం నిషేధించింది, దానిపై ఓటింగు ఉండదు. మధ్యాహ్న భోజనం బియ్యంలో పురుగులుంటే తిప్పి పంపడానికి మీటింగు అక్కర్లేదు. అక్కడ హెచ్చెమ్ నిరంకుశంగానే ఉండాలి. టైమ్‌టేబుల్, డ్యూటీలు, స్టడీ అవర్స్ లాంటివి మాత్రం మోసేవాళ్లను అడిగే తేల్చాలి. నేను ఇన్నేళ్లూ చేసింది సరిగ్గా తలకిందులు: వార్షికోత్సవం పాటకు పట్టుబట్టాను, కొత్త టీచరు కష్టాన్ని ఆమె ఇష్టానికి వదిలేశాను.