గోలెంలో పాఠం

ఎనిమిదో తరగతి పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్న అక్క పక్కన కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. రోగం ఏదైనా సరే, నివారణ ఒక్కటే! మలేరియా రాకుండా ఏం చేయాలి? పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకోవాలి. టైఫాయిడ్? పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకోవాలి. క్షయ? మళ్లీ అదే. ఆ వాక్యానికి ఒక మార్కు ఖాయం. మేం చదువుకున్న రోజుల్లోనూ అంతే. పరిసరాలంటే ఏవో, పరిశుభ్రం అంటే ఎంతో ఎవరూ అడగరు.

అక్క, అంటే మా పెద్దమ్మ కూతురు, అనంతగిరి మండలంలోని ఓ బడిలో సైన్సు టీచరు. అనంతగిరి అనగానే వికారాబాద్ కొండలో, అరకు దారిలోని కాఫీ తోటలో గుర్తుకు రావచ్చు. ఇది ఆ అనంతగిరి కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడ పక్కన ఉంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతం. నాట్లు పడ్డాయంటే చుట్టూ నీళ్లే. కాబట్టి దోమ గురించి ఇక్కడి పిల్లలకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదనుకుంటాం.

సూక్ష్మజీవుల పాఠం చెబుతున్న రోజు ఒక అమ్మాయి లేచి అడిగిందట. ‘మా ఇంట్లో మురికేం లేదు టీచర్. మా అమ్మ రోజూ ఊడ్చి కళ్లాపి చల్లుతది. మరి మా తమ్మునికి డెంగీ ఎట్లొచ్చింది?’

అక్క వెంటనే జవాబు చెప్పలేదట. ఎందుకంటే ఆ పిల్ల అడుగుతున్నది సైన్సు ప్రశ్న ఒక్కటే కాదు. తమ్ముడు వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ప్లేట్‌లెట్లు తగ్గాయని కొన్నాళ్లు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, అప్పు కూడా అయింది. పిల్లాడు బతికి బయటపడ్డాడు. కానీ చూడ్డానికి వచ్చిన చుట్టాలు ‘ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటే ఇంత దాకా వచ్చేదా?’ అని తల్లిని ఓ మాట అనే వెళ్లారు. మనం జవాబు పత్రంలో రాసే వాక్యమే అది. అక్కడ మార్కు తెచ్చేది, ఇక్కడ ఒక తల్లి మీద నింద అయింది.

మర్నాడు అక్క ఒక ఖాళీ హార్లిక్స్ సీసా ఇచ్చి, ‘మీ ఇంట్లో మంచినీళ్లు నిలవ ఉండే చోటు నుంచి నింపుకొని రా’ అంది. ఆ పిల్ల గోలెంలోంచి ముంచుకొచ్చింది. తేటగా ఉన్న నీళ్లు. వెలుతురుకు ఎత్తి చూస్తే వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు గిలగిలా కొట్టుకుంటూ కిందికి దిగుతున్నాయి, మళ్లీ పైకొచ్చి తలకిందులుగా వేలాడుతున్నాయి. తోక చివర ఉన్న గొట్టంతో గాలి పీల్చుకుంటాయవి. పుస్తకంలో ‘డింభకం’ అని బట్టీపట్టిన వాళ్లే ‘ఇవా! రోజూ చూసేవేగా’ అన్నారు. సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టి కిటికీలో పెట్టారు. రోజుకో బొమ్మ గీశారు. పురుగు కాస్తా కామా ఆకారంలో ముడుచుకుంది. ఆ తర్వాత గుడ్డ కింద దోమలు! కాళ్ల మీద తెల్ల చారలు. పగలు కుట్టే దోమ, డెంగీని మోసే దోమ. దీనికి మురుక్కాలువ అక్కర్లేదు, మనం తాగడానికి పట్టుకున్న నీళ్లే ఇష్టం. (ఆ దోమల్ని సీసాలోనే చంపేశారు లెండి.)

ఇలా సీసాలో దోమల్ని పెంచి చూడటం మన రాష్ట్రానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో చూసింది అలా పెంచిన దోమల్లోనే. వాటి చేత కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున తీసుకున్నాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. పాఠంలో అక్క మాత్రం హుస్సేన్ ఖాన్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది. పది దోమలు కుడితే ఎన్ని అణాలు? అణా అంటే ఎంత? పిల్లలకు అదే బాగా గుర్తుంటుందట.

రోగం తెచ్చేది దోమ కాదు, దానిలోని వైరస్ అన్నది అర్థం చేయించడానికి ఇంకో రెండు పీరియడ్లు పట్టింది. దోమ బండి, వైరస్ అందులో ఎక్కిన మనిషి అని చెబితే తలలూపారు. ఆ వైరస్ నాలుగు రకాలని, ఒకసారి వచ్చినంత మాత్రాన ఇక రాదని కాదనీ చెప్పాక ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా సుమారు వారం, పది రోజులు. అందుకే వారానికో రోజు నీళ్లు పారబోయమంటారు. ‘ఫ్రైడే - డ్రైడే’ అని గోడల మీద రాతలు చూసిన వాళ్లలో ఎందరికి ఈ లెక్క తెలుసు? ఇంకో మెలిక ఉంది. గుడ్లు నీళ్లలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, కొబ్బరి పీచుతో లోపలి గోడ గట్టిగా తోమాలి.

ఇదంతా ఇంట్లో చెబితే నాయనమ్మ ఒప్పుకోలేదట. ‘నల్లా ఎప్పుడొస్తదో తెల్వదు. ఉన్న నీళ్లు పారబోస్తే నువ్వు తెస్తవా?’ నిజమే కదా. నీళ్లు నిలవ చేసుకునేది కొరత వల్లే కానీ సరదాకు కాదు. ఈ జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పిల్ల బడికొచ్చి చెబితే అక్క, ‘నాయనమ్మను నారికురుపు గురించి అడుగు’ అంది.

ఆ మాట వినగానే ముసలామె గొంతు మారిందట. పుట్టింటి దగ్గర దిగుడు బావి, కాల్లోంచి దారంలా వచ్చే పురుగు, దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజులకు రోజులు మంచం మీదే ఉండటం... అన్నీ చెప్పింది. ఆ రోగానికి మందు లేదు, టీకా లేదు. తాగే నీళ్లను గుడ్డతో వడగట్టడం, పురుగు బయటికొస్తున్న కాలితో బావిలో దిగకుండా చూడటం, ఇలాంటి పనులతోనే పోయింది. మన దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ‘అప్పుడు బిందెకు కట్టిన గుడ్డే ఇప్పుడు గోలేనికి కట్టమంటున్నారా?’ అని నాయనమ్మే పాత పంచె ఒకటి తీసి మూతికి బిగించి కట్టింది. వారానికోసారి, నీళ్లు అడుగంటినప్పుడు, పీచుతో తోముతోంది.

తర్వాతి పనిగా అక్క తరగతి మొత్తానికీ ఒక కాగితం ఇచ్చింది. ఊళ్లో, బడిలో నీళ్లు నిలిచే చోట్లన్నీ రాసుకు రమ్మంది. పశువుల కుడితి తొట్టి, వాకిట్లో వాడని రోలు, పంక్చరు షాపు ముందు పాత టైర్లు, కూలరు, కొబ్బరి చిప్పలు, ఫ్రిజ్ వెనక ట్రే... జాబితా పెద్దదే వచ్చింది. ఆఖర్న ఎవరో పెన్సిలుతో చిన్న అక్షరాల్లో రాశారు: ‘హెడ్మాస్టరు సారు బల్ల మీద మనీప్లాంటు సీసా.’

ఆ సీసా నీళ్లు మార్చమని సారుకు ఎవరు చెప్పాలన్న దాని మీద బెల్లు కొట్టే దాకా చర్చ నడిచిందట.