వణికిన చేవ్రాలు

రామగిరి ఖిల్లా నీడనున్న ఊళ్ళో నాదగ్గర చదువుకొన్న శిష్యుడొకడు బొగ్గుబాయిలో కొలువు చేసేవాడు. ముప్పది నాలుగేళ్ళకే కుడిచేయి వణకసాగింది. సాక్షి సంతకానికని వచ్చిన నాడు "తాగుడు మానరా" అని నలుగురిలో గద్దించాను. "నేను తాగను సార్" అని తలవంచుకొన్నాడు. నమ్మలేదు.

తరువాత హైదరాబాదులో జన్యుపరీక్ష చేయిస్తే అది కంపవాతమనీ, పార్కిన్ అనే జన్యువులో దోషముందనీ తేలింది. ఆరవ క్రోమోజోముపైనున్న ఆ జన్యువును 1998లో జపాను శాస్త్రజ్ఞులు గుర్తించారు. దానివలన తయారయ్యే ఎంజైము, కణంలో పారవేయవలసిన ప్రోటీనులకు యుబిక్విటిన్ అనే ముద్ర తగిలిస్తుంది. ముద్రపడినవాటిని ప్రోటియాసోమ్ తునకలు చేస్తుంది. (లాటిన్‌లో 'అంతటా' అనే మాటనుండి వచ్చిన పేరట, 'సర్వత్ర' అనుకొని మురిశాను, పండితుల జబ్బు!) ఈ ముద్రల మర్మం విప్పిన ముగ్గురికి 2004లో నోబెల్ లభించింది. పార్కిన్ పనిచేయకుంటే చెడిన మైటోకాండ్రియాలు పేరుకొని, డోపమిన్ నిచ్చే నాడీకణాలు నశిస్తాయి. ముదిమిలో వచ్చే కంపవాతానికి చాలామటుకు కారణం ఇది కాదు.

తల్లినుండీ తండ్రినుండీ దోషమున్న ప్రతి సంక్రమిస్తేనే సాధారణంగా ఈ వ్యాధి. వాడి తల్లిదండ్రులది మేనరికం. ఆ పెండ్లిలో విందారగించి, "ఈడుజోడు కుదిరింది, ఆస్తి చెదరదు" అని మెచ్చుకొన్నవారిలో నేనూ ఉన్నాను.

మొన్న మళ్ళీ వచ్చాడు. లెవోడోపా మాత్ర పనిచేసేదాకా అరుగుమీద కూర్చుండి, అప్పుడు సంతకం చేశాడు. వణుకు లేదు గాని, అక్షరాలు చీమలంత. గుండ్రని చేవ్రాత వాడిది. కాగితం చూస్తూ కూర్చున్నాను. అడుగవలసిన క్షమాపణ నోటిలోనే ఉండిపోయింది.